నువ్వుగింజంత పురుగు, దాని పేరు కోసం ఇంత గొడవ

బియ్యం డబ్బాలో, ముందుకు పొడుచుకొచ్చిన చిన్న తొండంతో తిరిగే పురుగు తెలియని తెలుగు ఇల్లు ఉండదు. చేటలో పోసి చెరిగితే కొన్ని పోతాయి, ఎండలో ఆరబోస్తే ఇంకొన్ని పాకిపోతాయి, మిగిలిన ఒకటీ అరా అన్నంలో కనిపిస్తే "ఏం కాదులే, తీసేసి తిను" అంటారు. ఆ ముక్కు పురుగు ఒకటే రకం అనుకుంటాం గానీ నిజానికి రెండు జాతులున్నాయి. ఒకటి సైటోఫిలస్ ఒరైజే, రెండోది సైటోఫిలస్ జియామేస్. రెండూ బియ్యం తింటాయి, రెండూ మొక్కజొన్న తింటాయి, రెండిటి వీపు మీదా నాలుగు మసక మచ్చలుంటాయి. పక్కపక్కన పెట్టినా తేడా పట్టుకోవడం కష్టం. గట్టిగా చెప్పాలంటే మగ పురుగు పొట్ట విప్పి, జననాంగం బయటికి తీసి, మైక్రోస్కోపు కింద చూడాలి: ఒకదానికి పైభాగం నున్నగా ఉంటుంది, రెండోదానికి పొడవునా నాగటి చాళ్ళలా రెండు గీతలుంటాయి.

మొదటి దానికి స్వీడన్ ప్రకృతి శాస్త్రవేత్త లినేయస్ 1763లో పేరు పెట్టాడు, రెండోదానికి రష్యా కీటక శాస్త్రవేత్త మోచుల్‌స్కీ 1855లో. ఆ తర్వాత చాలాకాలం ఇవి ఒకే పురుగులో చిన్న రకం, పెద్ద రకం అని సర్దుకుపోయారు. 1928లో తకహాషి అనే జపాన్ శాస్త్రవేత్త చిన్న రకం వేరే జాతి అంటూ దానికి సాసాకీ అని కొత్త పేరు పెట్టాడు. 1961లో ముక్కు పురుగుల నిపుణుడు గిలెర్మో కుషెల్ పాత లెక్కలన్నీ తిరగేసి, లినేయస్ పెట్టిన పేరు అసలు చిన్న రకానిదేనని తేల్చాడు, దాంతో సాసాకీ అనే పేరు చెల్లకుండా పోయింది, పెద్ద రకానికి మోచుల్‌స్కీ పేరు మిగిలింది. 1763 నుంచి లెక్కేస్తే 198 ఏళ్ళు. ప్రపంచంలో సగం వంటిళ్ళలో తిరిగే పురుగు సంగతే ఇది.

ఇప్పుడు ఇదే ముక్కు పురుగుల బంధువు ఒకటి, ఇంతే సైజు, రెండు మూడు మిల్లీమీటర్లు, ఇండోనేషియాలో సులవేసి దీవి కొండల మీద తడి అడవిలో రాలిన ఆకుల కింద ఉంటుంది. అది బియ్యం తినదు, ఎవరి జోలికీ రాదు కాబట్టి ఎవరికీ పట్టదు. దానికి పేరు పెట్టాలంటే ఏం చేయాలి?

కొత్త జాతి దొరికింది అనే వార్త చదివినప్పుడు ఎవరో ఒకాయన అడవిలో భూతద్దం పట్టుకుని వంగి "ఆహా!" అన్నట్టు ఊహించుకుంటాం. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. కానీ ఉష్ణమండలపు అడవిలో ఆకుచెత్త నాలుగు దోసిళ్ళు జల్లిస్తే పేరు లేని పురుగు దొరికే అవకాశం బాగానే ఉంది, కాబట్టి దొరకడం పెద్ద విషయం కాదు. దానికి ఇంతకు ముందు ఎవరూ పేరు పెట్టలేదని రుజువు చేయడం దగ్గరే ఏళ్ళు గడిచిపోతాయి.

ముందు పట్టుకునే పద్ధతి చెప్పేస్తాను, అది సరదాగా ఉంటుంది. నేల మీద ఆకులు, కుళ్ళిన పుల్లలు, పైపొర మట్టి కలిపి ఒక జల్లెడ సంచిలో పోసి కుదుపుతారు. పెద్ద ఆకులు పైన ఆగిపోతాయి, సన్నటి పొడి, దానితో పాటు పురుగులు, కిందికి రాలతాయి. అచ్చం మన పిండి జల్లెడే, కాకపోతే ఇక్కడ కింద పడిందంతా సరుకు. ఆ పొడిని వల సంచుల్లో నింపి, వాటిని ఒక పెద్ద గుడ్డ సంచి లోపల వేలాడదీస్తారు, దీన్ని వింక్లర్ సంచి అంటారు. రెండు మూడు రోజుల్లో చెత్త ఆరిపోతూ ఉంటే పురుగులు తడి కోసం కదిలి, వల లోంచి జారి, అడుగున కట్టిన ఆల్కహాల్ సీసాలో పడతాయి. ఇంకో పద్ధతి గరాటుది. 1905లో ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లీజీ చెత్తని గరాటులో పెట్టి వేడి తగిలేలా చేశాడు, తర్వాత స్వీడన్‌కి చెందిన టుల్గ్రెన్ పైన ఒక బల్బు పెట్టాడు. వెలుతురు, వేడి, పొడి నుంచి పారిపోతూ కిందికి దిగి సీసాలో పడటమే. వందేళ్ళ పైబడిన ఈ గరాటు ఇవాళ్టికీ వాడుకలో ఉంది.

కంటితో ఏరుకోవచ్చు కదా అంటే, ఈ ముక్కు పురుగులు ముట్టుకోగానే కాళ్ళు ముడుచుకుని చచ్చినట్టు పడి ఉంటాయి. మట్టి గడ్డల మధ్య అవి ఇంకో మట్టి గడ్డ, అంతే.

కాళ్ళు ముడుచుకోవడం అంటే గుర్తొచ్చింది. ఈ సులవేసి ముక్కు పురుగుల ప్రజాతి (అంటే దగ్గరి జాతులన్నిటినీ కలిపే గుంపు) పేరు ట్రైగొనాప్టెరస్. 2011లో జర్మనీలోని కార్ల్‌స్‌రూహె శాస్త్రవేత్తలు ఇందులో ఒక జాతిని శక్తిమంతమైన ఎక్స్-రే కిరణాలతో స్కాన్ చేసి చూస్తే, దాని తుంటి కీలు అచ్చంగా నట్టు, బోల్టు! తుంటి లోపల మరలు తిరిగిన నట్టు, కాలి మొదట్లో అందులో సరిగ్గా పట్టే మర. మనిషి కనిపెట్టాననుకున్న మర పురుగు కాలిలో ఎప్పుడో ఉంది. ఈ సంగతి సైన్స్ పత్రికలో వచ్చింది. పేరు పెట్టడానికీ దీనికీ నేరుగా సంబంధం లేదు, చెప్పకుండా ఉండలేకపోయాను.

సరే, సీసాలో పురుగు పడింది. ఇప్పుడు టేబుల్ దగ్గరికి రావాలి.

మొదటి ప్రశ్న: ఇది ఏ కుటుంబం, ఏ ప్రజాతి? పెంకు పురుగుల్లో ఇప్పటిదాకా పేర్లున్న జాతులే దాదాపు 4 లక్షలు, మనకి తెలిసిన జంతు జాతులన్నిటిలో పావు వంతు దాకా ఇవే. ఒక్క ముక్కు పురుగుల బంధువర్గమే 60 వేల పైచిలుకు. అన్నీ తెలిసిన మనిషి ఎవరూ ఉండరు. ఒక్కొక్కరు ఒక కుటుంబమో, ఉపకుటుంబమో పట్టుకుని జీవితమంతా దాని మీదే కూర్చుంటారు, అందువల్ల కొన్ని గుంపులకు ప్రపంచం మొత్తం మీద చూసే కళ్ళు నాలుగైదు జతలకు మించవు. ఆ కొద్దిమందిలో ఒకరు రిటైరైతే ఆ గుంపు అక్కడితో ఆగిపోతుంది.

రెండో ప్రశ్న, అసలు టెన్షన్ ఇక్కడే: దీనికి ఇప్పటికే పేరుందా? జంతువుల పేర్లకు లెక్క 1758 జనవరి 1 నుంచి, అంటే లినేయస్ పుస్తకం పదో ముద్రణ నుంచి మొదలవుతుంది. అప్పటి నుంచి ఎవరు, ఏ దేశంలో, ఏ భాషలో, ఎంత మారుమూల పత్రికలో అచ్చు వేసినా ఆ పేరు లెక్కలోకి వస్తుంది. ముందొచ్చిన పేరుకే హక్కు. పొలం కొనే ముందు లింకు డాక్యుమెంట్లు చూసుకోవడం లాంటిదే, కాకపోతే ఇక్కడ పాతికేళ్ళది సరిపోదు, రెండున్నర శతాబ్దాల రికార్డు తియ్యాలి. పైగా పాతవాళ్ళ రాతలు ఎలా ఉంటాయంటే, లాటిన్‌లో రెండు మూడు వాక్యాలు: నల్లనిది, మెరుస్తుంది, కాళ్ళు ఎర్రన. ఇలాంటి వర్ణనకి ఇవాళ వంద జాతులు సరిపోతాయి. మనవాళ్ళు వర్ణన అంటే ప్రబంధాల అష్టాదశ వర్ణనలు గుర్తు తెచ్చుకుంటారు గానీ, ఇక్కడ వర్ణన పొడిగా ఉన్నా ఫర్వాలేదు, దగ్గరి జాతి నుంచి విడదీయగలగాలి. పాతవి ఆ ఒక్క పనీ చేయవు.

మరి ఏం చేయాలి? పాత రచయిత చేతిలో పట్టుకుని రాసిన ఆ అసలు పురుగునే వెళ్ళి చూడాలి. దాన్నే టైప్ నమూనా అంటారు, ఇప్పటి పద్ధతిలో అయితే హోలోటైప్. శాస్త్రీయ నామం ఒక జాతి మొత్తానికి వాడుకలో ఉంటుంది గానీ, కట్టేసి ఉండేది మాత్రం గుండుసూదికి గుచ్చిన ఆ ఒక్క శవానికి. అందుకే సాసాకీ లాంటి పేర్లు ఎగిరిపోతాయి: పాత నమూనా తీసి చూస్తే కథ మారిపోతుంది.

మనకి వచ్చే చిక్కు ఏంటంటే ఆ నమూనాలు మన దగ్గర ఉండవు. పద్దెనిమిదో శతాబ్దంలో తమిళ తీరంలోని తరంగంబాడి డేనిష్ స్థావరం నుంచి పంపిన పురుగులకు లినేయస్ శిష్యుడు ఫాబ్రిషియస్ పేర్లు పెట్టాడు, ఆ పురుగులు కోపెన్‌హాగన్‌లో ఉన్నాయి. లినేయస్ సేకరణ లండన్‌లో ఉంది. ఇదంతా పాత కథ అనుకోకండి. 1972లో జెనీవా మ్యూజియం వాళ్ళు కేరళ, తమిళనాడు కొండల్లో ఆకుచెత్త జల్లించి తీసుకెళ్ళిన చిన్న చిన్న పెంకు పురుగుల నుంచి ఎన్నో కొత్త జాతులు బయటపడ్డాయి, వాటి హోలోటైపులు జెనీవాలో ఉన్నాయి. ఇవాళ హైదరాబాద్‌లో కూర్చుని నల్లమల ఆకుచెత్తలో దొరికిన పురుగు కొత్తదా కాదా తేల్చాలంటే జెనీవాకి మెయిల్ పెట్టి, మంచి ఫోటోలు అడిగి, వాళ్ళు పంపేదాకా ఎదురుచూసి, ఆ ఫోటోలో మనకి కావలసిన చోటు సరిగ్గా పడకపోతే మళ్ళీ అడగాలి. ఈ పనికి రూపాయి గ్రాంటు ఇచ్చేవాళ్ళు తక్కువ, ఓపిక మాత్రం బోలెడు కావాలి.

ఇక మూడో మెట్టు, పొట్ట విప్పడం. రెండు మిల్లీమీటర్ల పురుగుని వేడినీళ్ళలో మెత్తబరిచి, సన్నటి సూదులతో మగదాని జననాంగం తీసి, కండ కరగడానికి క్షారంలో ఉంచి, గ్లిజరిన్ బొట్టులో పెట్టి చూస్తారు. చెయ్యి కాస్త వణికితే పని అయిపోయినట్టే. ఎందుకు ఆ భాగమే అంటే, పైకి ఒకేలా కనిపించే దగ్గరి జాతుల్లో కూడా అది తరచూ వేరుగా ఉంటుంది, కీటకాల్లో ఈ అవయవాల ఆకారం మిగతా శరీరం కంటే త్వరగా మారుతూ వస్తుందని చూశారు. అందరికీ మగదే పని చేస్తుందని కాదు, ఈకరెక్కల పురుగులు అనే మరీ చిన్న పురుగుల కుటుంబంలో ఆడ పురుగు వీర్యం దాచుకునే సంచి ఆకారమే ముఖ్యమైన గుర్తు. ఆ కుటుంబంలో సిడొసెల్లా అనే దాని పొడవు 0.325 మిల్లీమీటరు మాత్రమే. అంటే మూడు పురుగులు వరసగా పడుకుంటే ఒక మిల్లీమీటరు. దాని కడుపులో సంచి వెతకడం ఊహించుకోండి.

నాలుగోది డీఎన్ఏ. ఇది వచ్చాక పని తేలికైపోయింది అని చాలామంది అంటారు. సగం నిజం. మైటోకాండ్రియాలోని ఒక జన్యువులో 658 అక్షరాల ముక్కని బార్‌కోడ్ లాగా వాడతారు. ఒకే జాతిలో ఆ ముక్క దాదాపు ఒకేలా ఉంటుంది, వేర్వేరు జాతుల్లో తేడా ఎక్కువ ఉంటుంది. పురుగు శరీరం పాడవకుండానే డీఎన్ఏ తీసే పద్ధతులున్నాయి కాబట్టి నమూనా కూడా మిగులుతుంది. ఇంతవరకూ బాగుంది. కానీ ఎంత తేడా ఉంటే వేరే జాతి? దానికి ఎవరూ గీత గీయలేదు, గీయలేరు కూడా. ఎగరలేని పురుగుల్లో ఇది మరీ తలనొప్పి. ఈ ట్రైగొనాప్టెరస్‌లకి ఎగిరే రెక్కలు లేవు, ఒక కొండ మీద ఉన్నది పక్క కొండకి వెళ్ళలేదు, వేల ఏళ్ళుగా అక్కడక్కడే పిల్లల్ని కంటూ మారిపోతుంటే డీఎన్ఏ తేడా పెరుగుతుంది. అవి రెండు జాతులా, ఒకే జాతి రెండు ఊళ్ళలో ఉందా? బార్‌కోడ్ చెప్పదు. అందుకే దాన్నీ, ఆకారాన్నీ పక్కపక్కన పెట్టి, రెండూ ఒకే మాట చెప్తే ధైర్యంగా రాస్తారు. చెప్పకపోతే ఆ సీసా మళ్ళీ అరలోకి వెళ్తుంది. కొత్త జాతి అనే మాట కూడా చివరికి ఒక వాదనే, రేపు ఇంకొకరు వచ్చి ఎక్కువ పురుగులు చూసి, ఈ రెండూ ఒకటే అని కలిపేయొచ్చు. కొన్నిసార్లు చేతిలో ఉండేది ఒక్కటే పురుగు. దాని మీద చిన్న తేడా కనిపిస్తే అది జాతి లక్షణమా, ఆ ఒక్కదాని అవకరమా చెప్పేదెవరు?

ఇన్ని మెట్లు ఎక్కితే ఒక్క పురుగు అవుతుంది. సులవేసిలో ఉన్నవి వందల్లో.

సులవేసి నుంచి ఈ ప్రజాతిలో 1885లో పాస్కో అనే ఇంగ్లీషాయన ఒక్క జాతికి పేరు పెట్టాడు, ఫల్వికార్నిస్. తర్వాత 130 ఏళ్ళ పైచిలుకు అక్కడి నుంచి ఇంకొకటి చేరలేదు. పురుగులు లేక కాదు. కార్ల్‌స్‌రూహె మ్యూజియంలో పనిచేసే అలెగ్జాండర్ రీడెల్ ఈ లెక్కన వెళ్తే ఎన్ని జన్మలైనా చాలవని ఒక దగ్గరి దారి పట్టాడు. ముందు డీఎన్ఏ బార్‌కోడ్‌తో గుంపులు విడదీయడం, ఆ గుంపుల ఆకారం, జననాంగం సరిచూసుకోవడం, ప్రతిదానికీ మంచి ఫోటోలు పెట్టి, చిన్నగా రాసేయడం. అలా 2013లో న్యూ గినీ నుంచి ఒకే వ్యాసంలో 101 కొత్త జాతులు, 2014లో జావా, బాలి వైపు దీవుల నుంచి 98, 2019లో ఇండోనేషియా శాస్త్రవేత్తలతో కలిసి ఒక్క సులవేసి నుంచే 103.

నూటొక్క పేర్లు ఎక్కడి నుంచి తేవాలి? మన ఇళ్ళలో ఒక్క పిల్లకి పేరు పెట్టడానికే నెల రోజులు వాట్సాప్ గ్రూపులో కొట్టుకుంటాం. ఆయన కొన్ని పేర్లు న్యూ గినీలోని పాపువా టెలిఫోన్ డైరెక్టరీ తెరిచి, అక్కడి ఇంటిపేర్లలోంచి ఏరుకున్నాడు. నాకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే యూరప్ పెద్దమనుషుల పేర్లు మోసే ఆసియా పురుగులు ఇప్పటికే చాలా ఉన్నాయి. బాలి పురుగు ఒకటి ప్రకృతి డాక్యుమెంటరీల డేవిడ్ అటెన్‌బరో పేరుతో అటెన్‌బరోయై అయింది. సులవేసిలో ఒక ఆకుపచ్చ పురుగుకి స్టార్ వార్స్ సినిమాల్లోని ఆకుపచ్చ పాత్ర యోడా పేరు పెట్టారు. పేరు ఏ భాషదైనా రోమన్ అక్షరాల్లో రాయాలి, ముందు ఎవరూ ఆ ప్రజాతిలో వాడి ఉండకూడదు, నియమాలు దాదాపు అంతే. నల్లమలలో దొరికితే నల్లమలెన్సిస్ అనొచ్చు, మీ అమ్మమ్మ పేరూ పెట్టొచ్చు.

ఈ వేగం మీద విమర్శలూ ఉన్నాయి. వర్ణన మరీ పొట్టిగా ఉంటే రేపు కొత్త పురుగు దొరికినప్పుడు పోల్చడానికి కావలసిన వివరం అందులో ఉండదనీ, డీఎన్ఏ యంత్రం లేని చిన్న కాలేజీ మాస్టారు ఇక ఈ ఆటలో ఉండలేడనీ. రెండోది నిజమైన బాధే. మొదటిదానికి నా జవాబు: పాస్కో కాలం నాటి వాక్యాల కంటే నాలుగు మంచి ఫోటోలు, ఒక బార్‌కోడ్ వెయ్యి రెట్లు నయం.

పేరు చెల్లుబాటు కావాలంటే చట్టం లాంటిది ఒకటుంది, జంతు నామకరణ అంతర్జాతీయ నియమావళి. నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఈ జాతిని వేరే వాటి నుంచి ఏ లక్షణాలు విడదీస్తాయో మాటల్లో రాయాలి, హోలోటైప్ ఏదో స్పష్టంగా చెప్పాలి, అది ఏ సంస్థలో ఉంటుందో రాయాలి. ఆన్‌లైన్ పత్రికలో మాత్రమే వస్తే జూబ్యాంక్ అనే రిజిస్టర్‌లో నమోదు చేయాలి. ఫేస్‌బుక్‌లో ఫోటో పెట్టి "కొత్త జాతి" అంటే లైకులు వస్తాయి, పేరు రాదు. మన దేశంలో ఇంకో మెట్టు అదనం: 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రకారం కొత్త జాతి దొరికితే ప్రభుత్వం గుర్తించిన సంస్థకి తెలియజేసి, నమూనా అక్కడ జమ చేయాలి. జంతువులకైతే కోల్‌కతాలోని జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా అలాంటి సంస్థ. ఫాబ్రిషియస్ కథ చదివాక ఈ నియమం ఎందుకో వేరే చెప్పక్కర్లేదు.

ఇన్ని అడ్డంకులున్నందుకే పురుగులు సీసాల్లో ముసలివైపోతాయి. 2007లో పేరు పొందిన జాతుల్లోంచి 600 తీసుకుని చూస్తే, మొదటిసారి పట్టుకున్న రోజుకీ పేరు అచ్చైన రోజుకీ మధ్య సగటున 21 ఏళ్ళు ఉంది. పర్యావరణ ఉద్యమకారిణి గ్రేటా థన్‌బర్గ్ పేరు పెట్టిన నెలొప్టోడెస్ గ్రేటే అనే ఈకరెక్కల పురుగు 2019లో వార్తల్లోకొచ్చింది గుర్తుందా? 0.79 మిల్లీమీటరు, కళ్ళు లేవు, రెక్కలు లేవు, తల మీది మీసాలు రెండు జడల్లా ఉంటాయి, కానీ ఆ పేరు పెట్టింది పర్యావరణం కోసం ఆమె చేస్తున్న పనికి గౌరవంగా. దాన్ని కెన్యాలో నేల చెత్తలోంచి పట్టుకున్నది 1964-65లో. గ్రేటా అప్పటికి పుట్టనే లేదు, వాళ్ళ అమ్మ కూడా పుట్టలేదు. ఆ యాభై ఏళ్ళ పైచిలుకు అది పేరు లేకుండా ఉండి, లండన్ మ్యూజియం అరలో మైఖేల్ డార్బీ అనే పెంకు పురుగుల నిపుణుడి కంటపడే దాకా ఎదురుచూసింది.

అది అరలో క్షేమంగా ఉంది కాబట్టి సరిపోయింది. 2018 సెప్టెంబరులో రియో డి జనీరో నేషనల్ మ్యూజియం తగలబడినప్పుడు అక్కడి కీటకాల సేకరణ చాలావరకు బూడిదైపోయింది, అందులో పేరు పెట్టడానికి మిగిలిపోయినవి ఎన్నో ఎవరికీ లెక్క తెలియదు.

ఈ విషయాలు చదివి ఎవరైనా ఇంటి వెనక మామిడి తోటలో ఆకులు జల్లించాలనుకుంటే (నేను జల్లించాను, ముందు చీమలు కుట్టాయి) ఒక్క మాట. సీసాలో చిన్న కాగితం ముక్క వేయండి, పెన్సిల్‌తో, ఎందుకంటే బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది: ఊరు, తేదీ, అక్షాంశ రేఖాంశాలు, ఏ చెట్టు కింద, ఎవరు పట్టారు. ఆ కాగితం లేని పురుగు ఎంత అరుదైనదైనా వర్గీకరణ వాళ్ళకి పనికిరాదు, ఎక్కడిదో తెలియని శవంతో ఏం చేస్తారు.

సులవేసి లెక్క అక్కడితో ఆగలేదు. 2021లో ఇండోనేషియాలోని బోగోర్ మ్యూజియంకి చెందిన నరకుసుమో, రీడెల్ కలిసి ఆ దీవి మధ్య భాగం నుంచి ఇదే ప్రజాతిలో ఇంకో 28 జాతులకు పేర్లు పెట్టారు.